సాక్ష్యం పాప

మొన్న మధ్యాహ్నం పాపను పడుకోబెట్టి బట్టలు మడతపెడుతుంటే తలుపు చప్పుడైంది. తీస్తే గుమ్మంలో ఒకావిడ. నా వయసే ఉంటుంది. భుజాన సంచి, సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చిన మూడుకాళ్ళ స్టాండు, మెడలో గుర్తింపు కార్డు. ఆ కార్డు మీద ఆమె బొమ్మ తపాలా బిళ్ళంత ఉంటే, ఆమె పాస్టరుగారి బొమ్మ అరచేయంత ఉంది. "వందనాలక్కా. నా పేరు సువార్త. సాక్ష్యం పాప అంటే మీరే గదా?" అంది. ఆ పేరుతో నన్ను ఎవరూ పిలవక ఇరవై ఏళ్ళు దాటింది. నా భర్తకు కూడా ఆ పేరు సంగతి తెలియదు. పక్కకు జరిగి దారిచ్చాను.

ఆమె కుర్చీలో కూర్చుంటూనే స్టాండు విప్పడం మొదలుపెట్టింది. వాళ్ళ సంఘం పెద్ద పండుగ చేస్తోందట. "మా పాస్టరు డాడీగారి సేవ మొదలైన రోజుల్ల జరిగిన అద్భుతాలన్నీ మళ్ళ రికార్డు చేస్తున్నమక్కా. మీదే ఫస్టు అద్భుతం. చెవిటి పాపకు చెవి వచ్చుడు. ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు, మేం మ్యూజిక్ పెట్టుకుంటం." అలా అంటూ నా ఇంటిని కళ్ళతో కొలుస్తూ ఫ్రిజ్ దగ్గర ఆగింది. దాని మీద మా మిన్ని ఆయాసానికి పీల్చే పంపు, దానికి తగిలించే ప్లాస్టిక్ గొట్టం ఉన్నాయి. "పాపకా?" అంది మెల్లగా. "ఔ" అన్నాను. "ఒక్కసారి స్టేజీ మీదికి తీస్కరాండ్రి అక్కా. డాడీ చెయ్యి పెడితే గీ పంపు మీరే తీసి అవతల పడేస్తరు. తల్లికి చెవి ఇచ్చినోడు బిడ్డకు ఊపిరి ఇయ్యడా?"

టీ పెట్టొస్తానని వంటింట్లోకి వెళ్ళాను. కోపం వచ్చింది. కోపం ఆమె మీదా, నా మీదా అన్నది పాలు పొంగేదాకా తేలలేదు. నా చిన్నప్పటి అబద్ధం ఒకటి ఇన్నేళ్ళూ వాళ్ళ దగ్గర భద్రంగా ఉంది, తుడిచి, మెరుగుపెట్టి, పండక్కి బయటికి తీయడానికి సిద్ధంగా. నేను ఆ తర్వాత చెప్పిన నిజాన్ని మాత్రం ఎవరూ దాచుకోలేదు. ఇప్పుడు పాప పక్కన కూర్చుని ఇదంతా రాస్తున్నాను, కుడి చెవి పాప ఊపిరి వైపు ఉండేలా. ఎడమ చెవితో నాకు పని లేదు. అది మూడేళ్ళ వయసులో చీము పట్టి పోయింది, మళ్ళీ రాలేదు. అద్భుతం సంగతి అంతే. కానీ అంతే అని నేను ఒప్పుకోవడానికి పట్టిన వారాలున్నాయే, వాటి గురించి చెప్పాలి.

మేము అప్పుడు నాంపల్లి స్టేషను వెనక వాడలో, నాలుగు కుటుంబాలకు ఒకే నల్లా ఉన్న పాత ఇంట్లో, రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. అమ్మ నాకు ఊహ తెలియక ముందే పోయింది. నాన్న ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో సేల్స్‌మన్. ఇంటికొచ్చేసరికి ఆయన ఒంటి నుంచి కొత్త గుడ్డ వాసన వచ్చేది. నన్ను పెంచింది నానమ్మ శాంతమ్మ. ఆమె మా గుడిలో బైబిల్ ఉమన్. క్రైస్తవులు కాని పాఠకులకు ఈ ఉద్యోగం తెలియకపోవచ్చు. గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, గుడ్డసంచీ, గొడుగూ పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం, చదువురాని ఆడవాళ్ళ పక్కన కూర్చుని వాక్యం చదివి వినిపించడం, దవాఖానలో పడి ఉన్నవాళ్ళకు గంజి తీసుకెళ్ళడం, చావు జరిగిన ఇంట్లో ఎవరూ అడక్కుండానే పొయ్యి వెలిగించడం. చాదర్‌ఘాట్ దాకా నడిచే వెళ్ళి నడిచే వచ్చేది. సాయంత్రం కాళ్ళు వేడినీళ్ళ బకెట్లో పెట్టుకుని కూర్చుని, ఆ రోజు ఏ ఇంట్లో ఏ కూర వండారో నాకు చెప్పేది. ఎవరింటి కష్టాలు ఏవో ఎప్పుడూ చెప్పేది కాదు.

పొద్దున్నే కిరోసిన్ స్టవ్ వాసనతో మెలకువ వచ్చేది. టీ మరిగేలోపు చాప మీద ప్రార్థన. నానమ్మ ప్రార్థనలో ఒక్కొక్కరి పేరూ వచ్చేది, ఇంటివాళ్ళవి, వాడకట్టులో వాళ్ళవి, కిరాయి పెంచిన ఇంటాయనది కూడా. మధ్యమధ్యలో ఫలానా రైలు ఫలానా ప్లాట్‌ఫాం మీదికి వస్తోందని స్టేషన్ నుంచి వినిపించేది. నేను చాలాకాలం అది కూడా ప్రార్థనలో భాగమే అనుకున్నాను. ఆ పేర్ల వరసలో చివర నా చెవి వచ్చేది. "ఈ పిల్ల చెవి నీ చేతుల పెడ్తున్న ప్రభువా, ఇస్తే సంతోషం" అనేది, అంతకంటే లాగేది కాదు. రాత్రి మాత్రం తప్పకుండా డాక్టరు రాసిన చుక్కలు వేసేది. ఒకసారి అడిగాను, దేవుణ్ణి అడిగావు కదా, మళ్ళీ చుక్కలెందుకని. "చుక్కలు ఎవరు చేసిన్రు? మనిషి. మనిషికి తెలివి ఎవరిచ్చిన్రు? మరి మందు ఏస్తే దేవునికి కోపమెందుకొస్తదే? తల ఇటు తిప్పు" అంది. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి పక్కనున్న డబ్బాలో వేసేది. గుడిలో ఆడవాళ్ళందరూ అలాగే తీసేవాళ్ళు. నెలకోసారి ఆ డబ్బాలన్నీ గుడి వరండాలో కుమ్మరిస్తే, సన్నవీ దొడ్డువీ కలిసి రంగురంగుల కుప్ప అయ్యేది. దిక్కులేని ముసలివాళ్ళకు అది పంచేవారు.

ఆ బియ్యం కుప్ప చూసి మొదటిసారి నవ్వినవాడు కొత్త పాస్టరు. పాత అయ్యగారు రిటైరై వెళ్ళాక ఈయన వచ్చాడు. "ఇంకా బియ్యమేంటమ్మా, మన దేవుడు బీదవాడా?" అన్నాడు. వచ్చినప్పుడు 'బ్రదర్'. ఆరు నెలలకు బోర్డు మీద 'రెవరెండ్' చేరింది. ఆ తర్వాత 'డాక్టర్', ఆ తర్వాత 'బిషప్', ఆ తర్వాత 'అపొస్తలుడు'. ఏ కాలేజీలో ఏ పరీక్షకు కూర్చున్నాడో ఎవరూ అడగలేదు. పరీక్ష పాసైన గుమాస్తాలూ టీచర్లూ నిండిన సంఘం మాది, అయినా ఎవరూ అడగలేదు. చివరికి అన్ని బిరుదులూ చాలక 'డాడీ' అయ్యాడు. నెరిసిన తలలవాళ్ళు, ఆయన పుట్టకముందే బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు, చేతులు కట్టుకుని డాడీ డాడీ అనేవాళ్ళు. నానమ్మ ఒక్కతే చివరిదాకా 'అయ్యా' అంది. "మా నాయినను మల్లేపల్లిల పాతిపెట్టినం. ఇంకో నాయిన నాకొద్దు" అనేది.

ఆయనకు ఒక అనువాదకుడు ఉండేవాడు. డాడీ తెలుగులో ఒక మాట అంటే పక్కన కోటు తొడుక్కున్న ఆయన దాన్ని ఇంగ్లిషులో అరిచేవాడు. ఎదురుగా కూర్చున్న వాళ్ళందరిదీ తెలుగే. కొందరికి ఉర్దూ కూడా వచ్చు. ఇంగ్లిషులో చెబితే తప్ప అర్థంకాని మనిషి ఆ గుళ్ళో ఒక్కడు లేడు. అయినా ఆ అరుపు లేకపోతే దేవుడు చిన్నవాడైపోతాడని మావాళ్ళకు నమ్మకం కుదిరింది. ప్రార్థన నూనె సీసాలొచ్చాయి, వాటి మీద ఆయన బొమ్మ. మూత తీస్తే కొబ్బరినూనె, అగరొత్తుల సెంటు కలిపిన వాసన. ముందు వరస కుర్చీలకు పేర్లు అంటించారు. ఇదంతా ఒక్కరోజులో జరిగుంటే ఎవరైనా తిరగబడేవాళ్ళేమో. వారానికొకటి చొప్పున జరిగింది. మనుషులు వారానికొకటి చొప్పున దేన్నయినా మింగేస్తారు.

నుమాయిష్ ఎగ్జిబిషన్ జరిగే రోజులు. ఆ సాయంత్రం నన్ను జెయింట్ వీల్ ఎక్కిస్తానని చెప్పిన నాన్న, గుడి ఆవరణలో షామియానా వేసిన స్వస్థత కూటానికి తీసుకెళ్ళాడు. నాకు తొమ్మిదేళ్ళు. వేదిక ఎక్కించాక డాడీ నా తల మీద నూనె పోశాడు, ఎడమ చెవిలోకి గట్టిగా ఊదాడు, చెవి మీద అరచేయి పెట్టి ఊపాడు. తర్వాత వంగి అదే చెవి దగ్గర నోరు పెట్టి, "బంగారు తల్లీ, నేను ఏమంటే అది అను. హల్లెలూయ!" అన్నాడు. మైకు ఆయన పెదవులకు ఆనుకునే ఉంది. నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు. ఆ హల్లెలూయ స్టేషన్లో రైలు కోసం చూసేవాళ్ళకు కూడా వినిపించి ఉంటుంది. నా కుడి చెవి భేషుగ్గా ఉంది. "హల్లెలూయ" అన్నాను. కోటాయన ఇంగ్లిషులో ఏదో కేక పెట్టాడు. జనం లేచి నిలబడ్డారు.

అక్కడిదాకా నేను అబద్ధమాడలేదు. ఆ తర్వాతి ప్రశ్నకు ఆడాను. "ఈ చెవితోనే విన్నావు కదమ్మా?" అన్నాడు. కింద నాన్న కనిపించాడు. రెండు చేతులూ పైకెత్తి, బుగ్గల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా నన్నే చూస్తున్నాడు. అమ్మ పోయినప్పుడు ఏడ్చాడో లేదో నాకు తెలియదు, నా కోసం ఏడవడం అదే మొదటిసారి చూడటం. "ఔను" అన్నాను.

మర్నాడు పొద్దున నానమ్మ నన్ను గడపలో కూర్చోబెట్టింది. నాన్న చేతి గడియారం తెచ్చి, నా కుడి చెవిని బొటనవేలితో గట్టిగా మూసి, గడియారాన్ని ఎడమ చెవికి ఆనించింది. "ఇనవడుతుందా?" అని తలూపి అడిగింది. ఔనన్నట్టు తలూపాను. చెయ్యి వెనక్కి తీసి, పిడికిలి మూసి మళ్ళీ చెవి దగ్గర పెట్టింది. "ఇప్పుడు?" మళ్ళీ తలూపాను. పిడికిలి నా ముందు తెరిచింది. ఖాళీ. గడియారం ఆమె ఒళ్ళో ఉంది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. లేచి వెళ్ళి బియ్యం చెరగడం మొదలుపెట్టింది. చాలాసేపటికి చేట ఆపి, "నేను చెప్తే కుళ్ళుమోతు ముసల్దంటరు. నువ్వే చెప్పాలె" అంది. నేను చెప్పలేదు.

ఎందుకు చెబుతాను? నాకు తెల్లటి జాలరు గౌను కుట్టించారు. ముందు వరసలో ఒక కుర్చీకి నా పేరు అంటించారు. ప్రతి ఆదివారం, దేవుడు చేసిన మేలును అందరి ముందూ చెప్పే సాక్ష్యాల వేళ, 'సాక్ష్యం పాప' అని నన్ను పిలిచేవారు, నేను మైకు పట్టుకునేదాన్ని. మొదటివారం చెవిలోకి గాలి వచ్చిందన్నాను. రెండోవారం ఆ గాలి వేడిగా ఉందన్నాను. మూడోవారానికి కళ్ళు మూసుకుంటే తెల్లని చెయ్యి కనిపించిందన్నాను. ఆ మాటలు నాకు ఎవరూ నేర్పలేదు. చప్పట్లు నేర్పాయి. ఇవాళ తెరల మీద ఊగిపోతూ స్వర్గంలో పూలతోటలు చూసొచ్చామని చెప్పేవాళ్ళను చూస్తే నాకు అసహ్యం పుడుతుంది, కానీ ఆశ్చర్యం పుట్టదు. ఆ మెట్లు ఎలా ఎక్కుతారో తొమ్మిదేళ్ళకే ఎక్కి చూశాను.

మా పక్క గదిలో నీలమ్మత్త ఉండేది. మాకు చుట్టం కాదు, వాడకట్టులో పిలిచే పిలుపు. బడిలో ఆయాగా పనిచేసేది, భర్త లేడు. ఆమె కూతురు రూతు నా ఈడుది. రూతుకు మూర్ఛ ఉంది. పొద్దున ఒక గోలీ, రాత్రి ఒక గోలీ. అవి వేసుకున్నన్నాళ్ళూ నాతో సమానంగా గోడలెక్కి జామకాయలు కోసేది. ఒక ఆదివారం నా సాక్ష్యం అయ్యాక డాడీ, "మాత్ర మింగేవాడు దేవుణ్ణి అనుమానించేవాడు. విశ్వాసముంటే మీ మందులు తెచ్చి ఈ వేదిక మీద పారేయండి" అన్నాడు. పారేశారు. గోలీల అట్టలు, సిరప్ సీసాలు. మా సంఘపెద్ద ఒకాయన ఆవేశంలో కళ్ళజోడు కూడా విసిరి, దిగడానికి మెట్లు కనిపించక ఇద్దరి చేతులు పట్టుకుని దిగాడు. ఎవరూ నవ్వలేదు. నీలమ్మత్త రూతు గోలీల అట్ట తీసుకెళ్ళి పెట్టింది. నా కుర్చీ పక్కనుంచే వెళ్ళింది. వెళుతూ నా తల నిమిరింది.

నానమ్మ ఆ సాయంత్రమే వాళ్ళ గదికి వెళ్ళింది. గోడ అవతలి మాటలు నాకు వినిపించాయి. "నీలా, దేవుడు బాగుచేస్తే డాక్టరే చూసి ఆపుమంటడు. నువ్వు ఆపకు." "పెద్దమ్మా, నీ మనుమరాలికి ఇచ్చిన దేవుడు నా బిడ్డకు ఇయ్యడా? నీకైతే కావాలె, మాకు వద్దా?" నానమ్మ దగ్గర దానికి జవాబు ఉంది. ఆ జవాబు గోడకు ఇవతల చాప మీద కూర్చుని బిస్కెట్ తింటోంది. ఆమె నా పేరు ఎత్తకుండానే తిరిగొచ్చింది.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, నల్లా దగ్గర రూతు బిందె పట్టుకుని నిలబడి ఉన్నట్టుండి కర్రలా బిగుసుకుపోయింది. సిమెంటు గట్టుకు మూతి తగిలింది. ముందుపళ్ళు రెండు ఊడిపోయాయి. నీళ్ళు అలాగే పోతున్నాయి, ఎర్రగా మోరీలోకి. నానమ్మ పరుగెత్తి పిల్లను పక్కకు ఒత్తిగిల్లబెట్టింది, చీర కొంగు నోటికి అడ్డం పెట్టింది. నీలమ్మత్త రెండు చేతులూ పైకెత్తి దయ్యాన్ని గద్దిస్తోంది. దవాఖానలో కుట్లు వేయించి తెచ్చింది నానమ్మే. అంత జరిగినా గోలీ మాత్రం వేయలేదు నీలమ్మత్త. ఇది పరీక్ష అంది, పరీక్షలో ఓడిపోనంది.

ఆ సాయంత్రం నేను ఆమె దగ్గరికి వెళ్ళాను. ఎలా వెళ్ళానో గుర్తులేదు, ఆమె గదిలో ఉల్లిపాయలు వేగుతున్న వాసన గుర్తుంది. "అత్తా, నాకు ఇనవడదు. అబద్ధం చెప్పిన. రూతుకు గోలీ ఇయ్యి" అన్నాను. ఆమె నన్ను దగ్గరికి తీసుకుంది. కోపం చేసినా బాగుండేది. "సైతాను నీతోని అట్ల చెప్పిస్తుండు బిడ్డా. నువ్వు గుళ్ళె చెప్పింది నా చెవులార విన్న. ప్రార్థన చేస్కో, పో" అంది. వేదిక మీద చెప్పిన అబద్ధం ముందు వంటింట్లో చెప్పిన నిజానికి విలువ లేదని అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి ఏడుస్తూ నానమ్మకు చెప్పాను. నాన్న కూడా ఉన్నాడు. నానమ్మ విని, "ఏడ చెప్పినవో గాడనే చెప్పాలె. పోతనంటే నీ పక్కన నేనుంట. పోనంటే నిన్నేమన. కానీ ఆ పిల్ల మల్ల పడ్తది" అంది. నాన్న అందుకున్నాడు. "నన్ను సంఘపెద్దల్ల తీసుకుంటమన్నరు అమ్మా. గుళ్ళె మొఖం ఎట్ల చూపియ్యాలె?" "నీ మొఖం సంగతి తర్వాత సూద్దాం రా. ఆ పిల్ల పండ్లు పోయినయి, ముందు గా సంగతి సూడు." నాన్న చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. నాకు నిజంగా చెవి రాలేదన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసిందని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆదివారం నా పేరు పిలిచారు. నానమ్మ నాతో మెట్లదాకా వచ్చి ఆగింది. మైకు నూనె జిడ్డుగా ఉంది. "నా ఎడమ చెవి ఇనవడదు" అన్నాను. కోటాయన అలవాటు కొద్దీ దాన్ని ఇంగ్లిషులో అరిచేశాడు. "ఎప్పుడూ ఇనవడలేదు. నేను అబద్ధం చెప్పిన. రూతుకు గోలీలు ఇయ్యిన్రి" అన్నాను. ఈసారి ఆయన నోరు తెరిచి మూసేశాడు. నేను ఏమనుకున్నానంటే, ఇక అయిపోయింది, అందరూ లేచి డాడీని నిలదీస్తారు అని. డాడీ చిరునవ్వుతో నా చేతిలో మైకు తీసుకున్నాడు. "చూశారా ప్రియులారా! దేవుడు ఇచ్చాడు, ఆ ఇంట్లో ఉన్న అవిశ్వాసం తిరిగి లాగేసుకుంది!" అంటూ మెట్ల దగ్గరున్న నానమ్మ మీద చూపు నిలిపాడు. "స్తోత్రం!" అంది జనం, నాకు చప్పట్లు కొట్టిన జనమే.

నానమ్మ గొంతు పెద్దది కాదు. అయినా అందరికీ వినిపించింది. "అయ్యా, ఆ దినం పిల్ల చెవి కాడ మీ నోటికి మైకుండె. ఆ మైకు బంద్ జేసి, ఈ చెవి మూసి, ఇప్పుడు అడుగున్రి. అందరం సూద్దం." అంతకంటే చిన్న పని లేదు. ఆయన కీబోర్డు వాయించే అతనికి సైగ చేశాడు. పాట ఎత్తుకున్నారు. ఆ పాటలోనే మేమిద్దరం నడిచి బయటికొచ్చాం. నాన్న రెండు చరణాలు లోపలే ఉండి, తర్వాత వచ్చాడు.

ఆ సాయంత్రం నీలమ్మత్త మా గడపలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. నన్ను రమ్మని వేలితో పిలిచింది. తన పొట్టకు నా కుడి చెవిని గట్టిగా అదుముకుని, ఇంకో చేత్తో తల పట్టుకుని, వంగి, ఎడమ చెవిలో మాట్లాడింది. ఆమె ఊపిరి వెచ్చగా తగిలింది. పెదవులు కదులుతున్నట్టు తెలుస్తోంది. చాలాసేపు మాట్లాడింది. తర్వాత నన్ను వదిలి, నా ముఖంలోకి చూసి, నేను ఏమీ వినలేదని చూసుకుని, వెళ్ళిపోయింది. ఆమె ఏమందో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు పొద్దున నల్లా దగ్గర రూతు దోసిట్లో నీళ్ళు పట్టి గోలీ మింగడం చూశాను. రూతు ఇప్పుడు వరంగల్‌లో ఉంటుంది, ఇద్దరు పిల్లల తల్లి. ఇప్పటికీ గోలీ మానలేదు. నవ్వితే పైవరసలో రెండు పళ్ళు మిగతావాటికంటే తెల్లగా ఉంటాయి.

నానమ్మ ఆ గుడి మానలేదు. నేను మానేద్దామంటే, "నేనెందుకు మానాలె? గుడి ఆయన అత్తగారిచ్చిన కట్నమా?" అంది. బైబిల్ ఉమన్ పని తీసేశారు. ఆ మర్నాడు కూడా గొడుగు తీసుకుని బయల్దేరింది. చనిపోయేదాకా అదే వరసలో, అదే బల్ల మీద కూర్చుంది. చాలాకాలం ఆమెకు ఎవరూ వందనాలు చెప్పలేదు, ఆమె మాత్రం అందరికీ చెప్పేది. బియ్యం డబ్బా వరండాలో తీసుకునేవాళ్ళు లేక, తనే ముసలివాళ్ళ ఇళ్ళకు మోసుకెళ్ళేది. విశ్వాసమంటే ఏమిటని నన్ను ఎవరైనా అడిగితే ఆ నడక గుర్తొస్తుంది. తల మీద నూనె పోయించుకున్న ఏ రోజూ గుర్తురాదు.

ఇప్పుడు ఆ గుడి ముందు జాగా దుకాణాలయింది. డాడీ ఊరి బయట ఏసీ హాలు కట్టుకున్నాడు. ఆయనకు అప్పుడు నాలుగు స్పీకర్లు, ఇప్పుడు చానెలుంది. అప్పుడు మందులు పారేయమని నోటితో చెప్పాడు, ఇప్పుడు అంత తెలివితక్కువగా చెప్పడు. 'డాక్టరు సలహా పాటించండి' అని తెర కింద చీమల్లాంటి అక్షరాలు పోతుంటాయి, పైన మాత్రం మందులు మానేసినవాళ్ళ సాక్ష్యాలు వరసగా వస్తుంటాయి. ఆయన ఒక్కడేనా! తేదీలు వేసి లోకాంతాన్ని ప్రకటించేవాళ్ళు, వీసా కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టేవాళ్ళు, ఎన్నికలప్పుడు మైకు ఎవరికి అద్దెకిచ్చారో ఆ పార్టీనే దేవుడు దీవించాడని చెప్పేవాళ్ళు. వీళ్ళను చూసి బయటివాళ్ళు మమ్మల్ని నవ్వుతారు. నవ్వనివ్వండి. మాలో ఉన్నవాళ్ళు నవ్వడం మానేశారు, నాకు అది కష్టం.

వీళ్ళనందరినీ ఇంత చులకనగా రాస్తున్నాను కదా, నా సంగతీ రాస్తాను. పోయిన వానాకాలం మిన్నికి రెండు రోజులు ఆయాసం తగ్గలేదు. పక్కటెముకలు లోపలికి పోతుంటే చూడలేకపోయాను. ఆబిడ్స్‌లో బైబిళ్ళూ, పెళ్ళి కేకుల మీద పెట్టే బొమ్మలూ అమ్మే దుకాణానికి వెళ్ళి, ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమోనని చున్నీ కప్పుకుని, ఆ నూనె సీసా కొన్నాను. అదే బొమ్మ, జుట్టుకు రంగు వేసిన బొమ్మ. ఎమ్మెస్సీ చదివిన నేను, ఆ నూనె ఏమిటో తెలిసిన నేను, పాప ఛాతీకి రాశాను. ఆ వాసనకు పాప ఇంకా దగ్గింది. పంపు పెట్టాను, తగ్గింది. సీసా చెత్తబుట్టలో వేశాను. ఆ రెండు నిమిషాలు నేనూ ఆ షామియానాలోనే ఉన్నాను. భయపడ్డ తల్లి మీద వ్యాపారం చేయడం ఎంత సులభమో అందుకే తెలుసు.

మొన్న టీ తీసుకుని బయటికొచ్చేసరికి సువార్త ఫోను సరిచేసి, కుర్చీ వెలుతురుకు తిప్పి పెట్టింది. "చెప్పుండ్రి అక్కా, రికార్డు ఐతుంది" అంది. చెప్పాను. మైకు గురించి, ఖాళీ పిడికిలి గురించి, నల్లా దగ్గర పళ్ళ గురించి, నా 'ఔను' గురించి. ఐదు నిమిషాలు కాదు, అరగంట పట్టింది. ఆమె మొదట్లో "అక్కా, అక్కా, గట్ల కాదు" అని రెండుసార్లు చెయ్యి ఊపింది. ఆ తర్వాత ఊపలేదు. ఫోను ఎప్పుడు ఆపిందో నేను చూడలేదు. నేను ఆగాక స్టాండు మడిచి, గుర్తింపు కార్డు తీసి సంచిలో వేసుకుంది. టీ చల్లారిపోయింది, తాగింది.

"ఇది వాళ్ళు పెట్టరక్కా" అంది.

"నాకు తెలుసు."

గుమ్మం దాకా వెళ్ళి చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఆగింది. లోపల మంచం మీద మిన్ని ఒత్తిగిల్లి నిద్రపోతున్నది కనిపిస్తోంది. దాన్ని చూస్తూ, నన్ను చూడకుండా అడిగింది: "ఏ డాక్టరుకు చూపిస్తున్నరక్కా? మా బాబుకు గూడ గిట్లనే పిల్లికూతలు వస్తయి. పంపు రాసిచ్చిన్రు. స్టేజీ మీదికి పోయొచ్చినంక మా అత్తమ్మ బీరువాల పెట్టి తాళమేసింది."

ఎన్నాళ్ళయిందని అడిగాను. చెప్పింది. అంతసేపూ ఆ మనిషి మీద నాకున్న ఎగతాళి అంతా ఎటు పోయిందో తెలియలేదు. కాచిగూడలో మా డాక్టరు పేరు, నంబరు చెప్పాను. సాయంత్రం ఆరు లోపు వెళ్ళమన్నాను, రేపు కాదు, ఇవాళే వెళ్ళమన్నాను. ఆమె ఫోనులో నంబరు కొట్టుకుంది, పేరు రాసేచోట వేలు ఆపింది. నేను ఆమె భుజం మీదుగా చూశాను. 'టైలర్' అని రాసి దాచుకుంది.